వైకల్యం ఉన్నవారిని ఉద్యోగంలోకి తీసుకోవడం ఎలా: ప్రకటన నుంచి మొదటి మూడు నెలల దాకా

"తీసుకోవాలనే ఉందండీ, కానీ అసలు దరఖాస్తులే రావడం లేదు. వచ్చిన ఒకరిద్దరితో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో తెలియక టెన్షన్." హెచ్‌ఆర్‌లో ఉన్నవారు, చిన్న సంస్థలు నడిపేవారు అడిగే ప్రశ్న ఇదే. మాటలు మారతాయి, ఇబ్బంది ఒక్కటే.

చాలామంది ఇంటర్వ్యూ దగ్గర మొదలుపెడతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. రావలసిన మనిషి ప్రకటన దగ్గరో, ఫారం దగ్గరో ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయి ఉంటారు. అందుకే ఈ మార్గదర్శిలో సగం దాకా అభ్యర్థి కనిపించరు. ఆ సగం పని మీది.

మొదటి నుంచి చివరిదాకా గుర్తుంచుకోవలసిన ప్రశ్న: "ఈ పని మీరు ఎలా చేస్తారు?" నోట్లోంచి రాకూడని ప్రశ్న: "మీకు ఏమైంది?"

1. ముందు ఉద్యోగాన్ని విప్పి చూడండి

పాత ప్రకటన తీసి, తేదీ మార్చి పెట్టేయడం అందరికీ అలవాటే. ఎవరో ఎప్పుడో రాసిన షరతులు అలా ఏళ్ల తరబడి సాగుతుంటాయి. ఈసారి ఒక కాగితం తీసుకుని ఆ ఉద్యోగంలో రోజూ చేసే పనులు, వారానికోసారి చేసేవి, ఎప్పుడో ఒకసారి తగిలేవి విడివిడిగా రాయండి. ఇప్పుడు ఆ సీట్లో ఉన్నవారినే అడిగి రాస్తే ఇంకా మంచిది. మేనేజర్ చెప్పేదానికీ, నిజంగా జరిగేదానికీ తేడా ఉంటుంది.

తర్వాత ఒక్కో పని పక్కన రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది చేయకపోతే ఆ ఉద్యోగానికి అర్థమే లేదా? దీన్ని ఇంకో పద్ధతిలో చేయవచ్చా?

అకౌంట్స్ అసిస్టెంట్‌నే తీసుకోండి. బిల్లులు ఎంట్రీ చేయడం, లెక్కలు సరిచూడటం అసలు పని. నెలకోసారి పై అంతస్తు స్టోర్ రూములోంచి పాత ఫైళ్లు దించడం కొసరు పని. దాన్ని పక్క సీటువారికిచ్చి, వారి పని ఒకటి ఇటు తెచ్చుకోవచ్చు. ఈ కొసరు పని కోసం "శారీరక దారుఢ్యం తప్పనిసరి" అని రాసి ఉంటే, కొట్టేయండి.

అనుమానంగా చూడవలసిన షరతులు ఇంకొన్ని:

- "డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి." బండి నడపడమే ఉద్యోగమైతే సరే. కస్టమర్లను కలవడం కోసమే అయితే "ప్రయాణాలు చేయవలసి ఉంటుంది" అని రాస్తే చాలు. క్యాబ్‌లో వెళ్లినా కలిసేది ఆ కస్టమర్లనే.
- "మంచి కమ్యూనికేషన్ స్కిల్స్." దేనికి? మెయిళ్లకు స్పష్టంగా జవాబివ్వడానికా, రోజంతా ఫోన్‌లో మాట్లాడటానికా? ఏది కావాలో అదే రాయండి. ఈ ఒక్క మాట చూసి నత్తి ఉన్నవారు, వినికిడి లేనివారు మీ ప్రకటన మూసేస్తారు.
- "20 కిలోలు ఎత్తగలగాలి." ఎత్తాలా, ఇక్కడి నుంచి అక్కడికి చేర్చాలా? చేర్చడమే అయితే ట్రాలీ ఉంది.
- "ఒత్తిడి తట్టుకోగలగాలి." ఒత్తిడి ఎక్కడ వస్తుందో చెప్పండి. "నెలాఖరున నాలుగు రోజులు పని ఎక్కువగా ఉంటుంది" అంటే ఎవరికి వారు నిర్ణయించుకుంటారు.

ఈ దశలో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. ఉద్యోగాల జాబితా ముందు పెట్టుకుని, ఈ పోస్టు వినపడనివారికి, ఆ పోస్టు నడవలేనివారికి అని పంచేస్తారు. ఆ పంపకం చేసేది సాధారణంగా ఏ వైకల్యం గురించీ తెలియని మనిషే. చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో (తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కోడ్ రాస్తారని తెలియనివారు ప్రోగ్రామర్ పోస్టును వారి జాబితాలోంచి ముందే తీసేస్తారు. పనిని విడదీయడం వరకే మీ వంతు. చేయగలరో లేదో చెప్పవలసింది అభ్యర్థి.

దీనికి అన్నదమ్ముడి లాంటిది ఇంకొకటుంది. పైకి "అందరికీ స్వాగతం" అంటారు. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి మాత్రం "కాస్త తక్కువ ఉన్నవాళ్లను పంపండి, ఒక కాలు సమస్య అయితే పర్వాలేదు" అంటారు. సంస్థలో ఎవరైనా ఇలా అంటున్నారేమో ముందే కనుక్కోండి. ఇది కొనసాగితే మిగతా మెట్లన్నీ వృథా.

2. డబ్బు, బాధ్యత ఎవరివో తేల్చండి

అభ్యర్థి సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగాక, "ఎవరి బడ్జెట్?" అని మెయిళ్లు తిరగడం మొదలైతే ఇంటర్వ్యూ తేదీ దాటిపోతుంది. ఇలా వైకల్యం ఉన్న మనిషికి వీలుగా చేసే ఏర్పాట్లనే సర్దుబాట్లు అంటున్నాను. వాటి ఖర్చు సంస్థ మొత్తానికి ఉన్న ఒకే ఖాతాలోంచి రావాలి. టీమ్ బడ్జెట్‌లోంచి అంటే, ఆ మేనేజర్ మనసులో ఆ అభ్యర్థి ధర పెరుగుతుంది. ఎంత మంచివారికైనా ఇది తప్పదు.

ఖర్చు గురించి భయం మాత్రం అసలుకంటే పెద్దది. సర్దుబాట్లపై సలహాలిచ్చే అమెరికాలోని జాబ్ అకామొడేషన్ నెట్‌వర్క్ ఎన్నో ఏళ్లుగా యజమానులను అడుగుతూ వస్తోంది. దాదాపు సగం సర్దుబాట్లకు పైసా ఖర్చు కాలేదని వారు చెప్పారు. షిఫ్టు గంట ముందుకు జరపడం, కిటికీ వెలుగు పడని సీటు ఇవ్వడం, మీటింగ్ నోట్సు రాసి పంపడం, ఇలాంటివే ఎక్కువ. విండోస్ మీద నడిచే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉచితం. ఫోన్లలో టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్లు ముందే ఉంటాయి. నిజంగా డబ్బయ్యేవి ఇంటర్‌ప్రెటర్, కొన్ని లైసెన్సు సాఫ్ట్‌వేర్లు, భవనంలో మార్పులు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో. వైకల్యం ఉన్నవారి హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక ప్రకారం, సంస్థ మీద మోయలేని భారం పడనప్పుడు తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే. దాని 27వ అధికరణం పూర్తిగా ఉద్యోగం, పని గురించే. అమెరికా 1990 చట్టం, బ్రిటన్ 2010 చట్టం, భారత్ 2016 చట్టం ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటాయి. మీకు వర్తించేదాన్ని చదివి, ఏం అడగకూడదో, ఏం రికార్డు చేయాలో ముందే ఒక పేజీలో రాసుకోండి.

ప్రకటనకు ముందు సరిచూసుకోండి:

☐ సర్దుబాట్ల అభ్యర్థన అందుకునే వ్యక్తి ఎవరో తేలింది
☐ ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో గడువు పెట్టుకున్నారు
☐ ఖర్చు ఏ ఖాతాలోంచి వస్తుందో తెలుసు
☐ ఇంటర్‌ప్రెటర్‌ను ఎక్కడి నుంచి పిలవాలో కనుక్కున్నారు

3. ప్రకటన రాయడం

"వైకల్యం ఉన్నవారూ దరఖాస్తు చేయవచ్చు" అన్న ఒక్క వాక్యంతో ఆపకండి. దాన్ని అందరూ పెడతారు, ఎవరూ నమ్మరు. ఏం ఇస్తారో చెప్పండి. ఇలా:

"దరఖాస్తులో గానీ, పరీక్షలో గానీ, ఇంటర్వ్యూలో గానీ మీకు ఏదైనా సర్దుబాటు కావాలంటే చెప్పండి. ఉదాహరణకు అదనపు సమయం, సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్, మెట్లు లేని గది, ప్రశ్నలు రాతలో. ఫోన్, మెసేజ్, మెయిల్, ఏదైనా సరే. రెండు పనిదినాల్లో జవాబిస్తాం. ఇలా అడగడం ఎంపికపై ప్రభావం చూపదు."

మొదటి ప్రకటనకే దీన్ని నమ్మి దరఖాస్తులు వచ్చి పడతాయని అనుకోకండి. రెండో మూడో ప్రకటనకు గానీ కదలిక రాదు.

ప్రకటనను రంగురంగుల బొమ్మగా చేసి గ్రూపుల్లో పంపేస్తుంటారు. స్క్రీన్ రీడర్ వాడేవారికి అందులోని వివరాలు అందుతాయన్న భరోసా లేదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌దీ అదే గతి. బొమ్మ కింద మొత్తం విషయం మామూలు అక్షరాల్లో పెట్టండి. తెలుగులో ఇంకో చిక్కుంది. డీటీపీ కోసం వాడే పాత ఫాంట్లలో టైప్ చేసింది కంటికి తెలుగులాగే ఉంటుంది గానీ, స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని గుర్తుల గుంపు. తెలుగు ప్రకటన యూనికోడ్‌లోనే ఉండాలి.

మాటల సంగతి. "వికలాంగులు" అన్నది పాత వాడుక, "దివ్యాంగులు" కొత్త వాడుక. రెండూ నచ్చనివారున్నారు, రెండూ వాడుకునేవారున్నారు. ప్రకటనలో "వైకల్యం ఉన్నవారు" అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఎదురుగా ఉన్న మనిషి తన గురించి ఏ మాట వాడితే మీరూ అదే వాడండి. శరీరాన్ని పట్టి పిలిచే పాత తిట్టుపదాలు ఆఫీసులో సరదాకి కూడా వద్దు. "పాపం" కూడా ఆ జాబితాలోదే.

4. మీ ఫారాన్ని మీరే నింపి చూడండి

దీనికి అరగంట చాలు. నిపుణులను పిలవకముందే సగం లోపాలు దొరుకుతాయి.

1. మౌస్ తీసి పక్కన పెట్టండి. ట్యాబ్, ఎంటర్ మీటలతోనే ఫారం మొదటి నుంచి "సబ్మిట్" దాకా వెళ్లగలరా? ఏ గడిలో ఉన్నారో తెరమీద కనిపిస్తోందా?
2. ఎన్‌వీడీఏ పెట్టి, మానిటర్ ఆపేసి వినండి. "ఎడిట్, ఎడిట్, ఎడిట్" అని మాత్రమే వినిపిస్తే గడులకు పేర్లు పెట్టలేదన్నమాట. డెవలపర్‌కు ఇది చిన్న పని.
3. బ్రౌజర్‌లో అక్షరాలు 200 శాతానికి పెంచండి. బటన్లు మాయమవుతున్నాయా?
4. అక్షరాలకూ వెనక రంగుకూ తేడా చూడండి. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు ఈ తేడా (కాంట్రాస్ట్ నిష్పత్తి) కనీసం 4.5:1 ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు ఇక్కడే తప్పుతాయి.
5. వంకర అక్షరాలు గుర్తుపట్టమనే క్యాప్చా ఉందా? తీసేయించండి, లేదా వేరే దారి పెట్టించండి.
6. పది నిమిషాలు ఊరికే వదిలేయండి. నింపినదంతా పోయిందా?

బాగుచేయడానికి నెల పడుతుందంటే ఈలోపు "మెయిల్‌లో వివరాలు పంపినా చాలు" అని ప్రకటనలో రాయండి. ఆ మెయిల్ చూసే మనిషి కూడా ఉండాలి మరి.

5. ఎక్కడ వెతకాలి

మామూలు జాబ్ సైట్లు మానకండి, వాటితో ఆగకండి. వైకల్యం ఉన్నవారు స్వయంగా నడిపే సంఘాలు, శిక్షణ సంస్థలు, కాలేజీల్లోని ప్లేస్‌మెంట్ విభాగాలతో మాట్లాడండి. ప్రకటన గడువును వారమే పెట్టకండి. ఈ దారిలో సమాచారం నోటి మాటగా వెళ్తుంది కాబట్టి మూడు వారాలైనా ఉంచండి. చదువులో, ఉద్యోగంలో ఖాళీలు కనిపిస్తే వెంటనే పక్కన పెట్టకండి. ఆ ఖాళీలో ఒక ఆపరేషనో, చేరనివ్వని కాలేజీనో ఉండవచ్చు.

6. ఇంటర్వ్యూ ఏర్పాట్లు

పిలుపు పంపేటప్పుడు సర్దుబాట్ల ప్రశ్న ఎంపికైన ప్రతి ఒక్కరికీ వెళ్లాలి. వైకల్యం ఉందని మీరు ఊహించినవారికి మాత్రమే కాదు. చాలా వైకల్యాలు కంటికి కనిపించవు. మెయిల్‌లో ఇంటర్వ్యూ ఎంతసేపు, ఎంతమంది ఉంటారు, రాతపరీక్ష ఉందా, భవనంలోకి దారి ఎలా, ఈ నాలుగూ రాయండి. ఈ వివరాలు అందరికీ పనికొస్తాయి. ఆటిజం ఉన్నవారికీ, ఆందోళన సమస్య ఉన్నవారికీ మాత్రం ఇవి ఉంటే వస్తారు, లేకపోతే రారు.

దారిని మీరే నడిచి చూడండి. గేటు నుంచి కుర్చీ దాకా. ఒకసారి ఒక ఆఫీసుకు వెళ్లాను. "మాకు లిఫ్ట్ ఉంది కదండీ" అని ఎంతో ధీమాగా చెప్పారు. లిఫ్ట్ ఉన్న మాట నిజమే. దాని ముందు మూడు మెట్లు కూడా ఉన్నాయి. రోజూ ఎక్కేవారికి అవి మెట్లలా కనిపించడం మానేశాయి.

☐ ర్యాంప్ వాలు 1:12 కంటే నిటారుగా లేదు. అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు
☐ తలుపు తెరిచాక ఖాళీ కనీసం 32 అంగుళాలు, 36 అయితే హాయి
☐ గదిలో వీల్‌చెయిర్ తిప్పుకోవడానికి ఐదడుగుల చోటు
☐ అదే అంతస్తులో వీల్‌చెయిర్ పట్టే టాయిలెట్, అందులో సామాన్లు నింపలేదు
☐ సెక్యూరిటీకి, రిసెప్షన్‌కు విషయం చెప్పారు

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. గేటు దగ్గర "విరాళాలు ఇవ్వరు, వెళ్లండి" అనిపించుకుని లోపలికొచ్చిన మనిషి ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడగలరు?

రాతపరీక్ష ఉంటే వేగం నిజంగా ఆ ఉద్యోగానికి కావాలా అని చూడండి. అక్కర్లేకపోతే సమయం పెంచడానికి అభ్యంతరం ఏముంది? ఆన్‌లైన్ పరీక్ష స్క్రీన్ రీడర్‌తో నడుస్తుందో లేదో అమ్మిన కంపెనీ మాట నమ్మకండి, ఒకసారి రాయించి చూడండి. ముఖకవళికలు, చూపు, గొంతు చూసి యంత్రం మార్కులు వేసే వీడియో ఇంటర్వ్యూలు వాడుతుంటే, మినహాయింపు అడిగినవారికి ఇచ్చేయండి. నా సలహా అడిగితే, అసలు వాడకండి.

7. గదిలోపల

ఇంటర్వ్యూ చేసేవారికి ముందు రోజు ఇరవై నిమిషాలు చెబితే చాలు.

వినికిడి లేని అభ్యర్థి: ఇంటర్‌ప్రెటర్ పక్కనున్నా అభ్యర్థినే చూసి మాట్లాడండి. "ఆయన్ను అడగండి" అనకండి, "మీరు ఎన్నేళ్లు చేశారు?" అనండి. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, మీ ముఖం చీకట్లో పడితే పెదవుల కదలిక కనిపించదు. ఒకేసారి ఇద్దరు మాట్లాడకండి. గంట దాటే ఇంటర్వ్యూకు ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు కావాలి, ఆ పని అంత అలసట. ఇంట్లోవారిని తెచ్చుకోమనడం సరైన పద్ధతి కాదు.

చూపు లేని అభ్యర్థి: గదిలో ఉన్న ప్రతివారూ పేరు చెప్పి పలకరించాలి, ఎటువైపు ఎవరున్నారో గొంతును బట్టి తెలుస్తుంది. చేయి పట్టి లాగకండి. "నా మోచేయి పట్టుకుంటారా?" అని అడగండి. కుర్చీ వీపు ఎటుందో చెప్పండి. కాగితం చూపించి ప్రశ్న అడగాలనుకుంటే దాన్ని ముందే మెయిల్ చేయండి.

వీల్‌చెయిర్ వాడేవారు: అడగకుండా నెట్టకండి, దాని మీద చేయి వేసి నిలబడకండి. మీరూ కూర్చునే మాట్లాడండి.

నత్తి ఉన్నవారు: వాక్యం వారినే పూర్తి చేయనివ్వండి. సాయం చేస్తున్నాననుకుని మాట అందించడమే అందరూ చేసే తప్పు.

ఆటిజం ఉన్నవారు: "మీ గురించి చెప్పండి" అన్నది చాలా కష్టమైన ప్రశ్న, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అందులో లేదు. "గత ఉద్యోగంలో మీరు రోజూ చేసిన మూడు పనులు చెప్పండి" అంటే జవాబు వస్తుంది. కళ్లలోకి చూడలేదని మార్కులు తగ్గించకండి. ప్రశ్నలు ముందే పంపినా నష్టం లేదు.

మేధో వైకల్యం ఉన్నవారికి ప్రశ్నల ఇంటర్వ్యూ వల్ల ఏమీ తెలియదు. పని చేసి చూపించి, తర్వాత చేయించి చూడండి. ఇలా రెండు మూడు గంటలకు మించితే డబ్బు ఇవ్వండి.

అడగవలసినవి, అడగకూడనివి పక్కపక్కన:

- "ఇది పుట్టుకతోనా?" వద్దు. "ఈ ఉద్యోగంలో రోజుకు యాభై బిల్లులు ఎంట్రీ చేయాలి. మీరు ఏ పద్ధతిలో చేస్తారు?" అడగండి.
- "మందులు వాడుతున్నారా?" వద్దు. "పని ఉదయం 9కి మొదలవుతుంది, వారానికి ఐదు రోజులు. కుదురుతుందా?" అడగండి.
- "ఇంట్లో ఎవరు చూసుకుంటారు?" అస్సలు వద్దు.

అడిగేది ఒక్కరినే కాదు, అందరినీ ఒకే ప్రశ్నలు అడగండి. అభ్యర్థే తన వైకల్యం గురించి చెబితే, విని, మళ్లీ పని దగ్గరికి రండి.

8. మార్కులు, నిర్ణయం

మార్కుల కాగితంలో సర్దుబాట్ల ప్రస్తావన ఉండకూడదు. మొదటి మెట్టులో రాసుకున్న అసలు పనులకే మార్కులు. ఒక్కొక్కరూ విడిగా వేశాకే కలిసి కూర్చోండి. అప్పుడు "మనిషి మంచివాడే గానీ మన దగ్గర ఇబ్బంది పడతాడేమో" అన్న మాట వస్తుంది. మంచి మనసుతోనే వస్తుంది. "ఏ పనిలో, ఏ సర్దుబాటు ఇచ్చినా ఇబ్బంది?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ మాటను నిర్ణయంలోకి రానివ్వకండి.

దానికి వ్యతిరేకమైన తప్పూ జరుగుతుంది: జాలితో మార్కులు కలపడం. పని రాని మనిషిని తీసుకుంటే ఆరు నెలల్లో అందరూ బాధపడతారు. తర్వాత వచ్చే అర్హులైన అభ్యర్థికి తలుపు మూసుకుంటుంది.

ఎంపిక కానివారికి కారణం చెప్పండి. "లెక్కల పరీక్షలో కటాఫ్ 60, మీకు 48 వచ్చాయి" అంటే వివక్ష చూపారన్న అనుమానం మిగలదు.

9. ఆఫర్ నుంచి మొదటి రోజు దాకా

ఆఫర్ ఇచ్చాక సర్దుబాట్ల గురించి మళ్లీ అడగండి. ఇంటర్వ్యూకు అక్కర్లేనిది రోజువారీ పనికి కావలసి రావచ్చు. మాట్లాడుకున్నది ఒక పేజీలో రాసి ఇద్దరూ ఉంచుకోండి. మేనేజర్ మారినప్పుడు మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే అవస్థ తప్పుతుంది.

ఎక్కువగా తేలిపోయేది సాఫ్ట్‌వేర్ దగ్గర. ఫారం బాగుచేశారు, ఇంటర్వ్యూ బాగా జరిగింది, మొదటి రోజు చూస్తే సెలవులు పెట్టే సంస్థ యాప్‌నే స్క్రీన్ రీడర్ చదవదు. చేరే తేదీకి రెండు వారాల ముందే ఆ మనిషి వాడబోయే ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ పరీక్షించండి.

☐ పరికరాలు, సాఫ్ట్‌వేర్లు సీటు దగ్గర సిద్ధం
☐ శిక్షణ వీడియోలకు సబ్‌టైటిళ్లు ఉన్నాయి
☐ అగ్నిప్రమాదంలో బయటికి ఎలా వెళ్లాలో ఆ వ్యక్తితోనే కూర్చుని రాశారు. లిఫ్ట్ ఆగిపోతే ఏం చేయాలి, వినపడనివారికి వెలుగుతో అలారం ఉందా
☐ వైద్య కాగితాలు మామూలు ఫైల్‌లో కాకుండా విడిగా ఉన్నాయి
☐ టీమ్‌కు ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఉద్యోగినే అడిగారు

చేరే ముందు రోజు టీమ్‌ను కూర్చోబెట్టి "రేపు ఒక స్పెషల్ పర్సన్ వస్తున్నారు" అని ఉపన్యాసం ఇవ్వకండి. వినపడని సహోద్యోగి వస్తున్నారు, వెనక నుంచి పిలిస్తే వినపడదు, ఎదురుగా వచ్చి మాట్లాడండి అని, వారి అనుమతితో, రెండు వాక్యాలు చెబితే చాలు.

10. మొదటి మూడు నెలలు, చిక్కులు

మొదటి వారం, నెల, మూడు నెలలు పూర్తయినప్పుడు పదిహేను నిమిషాలు కూర్చోండి. "అంతా బాగానే ఉందా?" అంటే ఎవరైనా "బాగానే ఉంది" అంటారు. "ఈ నెలలో ఏ పనికి అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది?" అనండి. అప్పుడు అసలు విషయం బయటికొస్తుంది.

పక్కవారు "వాళ్లకే ఎందుకు ఆలస్యంగా రావడానికి అనుమతి?" అంటే, ఆ ఉద్యోగి వివరాలు చెప్పి సమర్థించుకోకండి. "పనికి అవసరమైనప్పుడు ఎవరికైనా సర్దుబాటు చేస్తాం, మీకూ కావాలంటే అడగండి" అనండి. నిజంగా అడిగితే చేయండి.

కష్టమైన పనులేవీ ఇవ్వకుండా పక్కన కూర్చోబెట్టడం, తప్పులు చెప్పకుండా దాటేయడం దయలా కనిపిస్తాయి. ఏడాది తర్వాత ప్రమోషన్ జాబితాలో ఆ పేరు లేకపోవడానికి కారణం అవే.

పని సరిగా జరగకపోతే ముందు ఆ ఒక పేజీ కాగితం తీయండి. ఇస్తామన్నవన్నీ ఇచ్చామా? ఇంటర్‌ప్రెటర్ లేకుండా మూడు శిక్షణలు జరిగిపోయి ఉంటే, లోపం ఎవరిదో చెప్పనక్కర్లేదు. అన్నీ ఇచ్చాక కూడా పని కుదరకపోతే అందరికీ ఇచ్చినట్టే స్పష్టమైన లక్ష్యం, గడువు, రాతలో ఇవ్వండి. ఆ తర్వాతి నిర్ణయం కూడా అందరి విషయంలో తీసుకున్నట్టే తీసుకోండి. ఒక్కరు నిలదొక్కుకోలేదని ఆ పోస్టు తర్వాతి ప్రకటనలోంచి సర్దుబాట్ల పేరాను మాత్రం తీసేయకండి.